మెడ బిగిసింది, గడ్డం చెవి వెనక్కి చేరింది

ముందు మంచి మాటే చెప్తాను. కింది ముఖం, మెడ బిగించే ఆపరేషన్ చేయించుకుని మూడో ఏడు నడుస్తోంది. పక్క నుంచి ఫోటో తీస్తే నా దవడ ఎక్కడ ఆగిందో, మెడ ఎక్కడ మొదలైందో ఇప్పుడు తెలుస్తుంది. షుగర్ బయటపడ్డాక పంతం పట్టి బరువు తగ్గాను. పొట్టతో పాటు ముఖమూ కరిగిపోయి, గడ్డం కింద చర్మం ఎద్దు గంగడోలులా మిగిలింది. మా కాలేజీ వాళ్లు క్లాసులు వీడియో తీయడం మొదలుపెట్టాక, బోర్డు మీద రాస్తూ పక్కకు తిరిగినప్పుడల్లా ఆ తోలు ఊగడం నేనే చూడలేకపోయాను. ఇప్పుడు ఊగడం లేదు. పెట్టిన డబ్బుకు తగిన పని జరిగింది.

కానీ ఈ సమీక్ష అందుకోసం రాయడం లేదు. నాకు చెవుల వెనక గడ్డం మొలుస్తోంది. కోపమంతా దాని మీదే.

ఎలాగంటే, ఈ ఆపరేషన్‌లో కోత చెవి ముందు మొదలై, తమ్మె కింది నుంచి తిరిగి, చెవి వెనక జుట్టులోకి వెళ్తుంది. లోపలి కండర పొరను పైకి లాగి కుడతారు. గడ్డం కింద ఇంకో చిన్న కోత పెట్టి మెడ కండరం అంచులను దగ్గరికి చేరుస్తారు. ఆ తర్వాత మిగిలిన చర్మాన్ని పైకి, వెనక్కి సర్ది, ఎక్కువైనంత మేరకు కత్తిరిస్తారు. మగవాడి మెడ చర్మం అంటే గడ్డం ఉన్న చర్మమే కదా. అది వెనక్కి జరిగితే వెంట్రుకల కుదుళ్లూ దాంతోనే జరుగుతాయి. దవడ కింద ఉండాల్సిన గడ్డం ఇప్పుడు చెవి వెనక, సరిగ్గా కళ్లద్దాల కాడ ఆనే చోట ఉంది. సైడ్ లాకులకూ చెవికీ మధ్య వెంట్రుకలు లేని సన్న పట్టీ ఉంటుంది చూడండి, అదీ దాదాపు పోయింది. ఇంటర్ పిల్లాడికి కూడా అర్థమయ్యే లెక్క ఇది. ఆపరేషన్‌కు ముందు నాతో ఒక్కరూ ఆ ముక్క అనలేదు.

చెప్పకపోవడానికి కారణం ఊహించగలను. ఈ ఆపరేషన్ల గురించి మాట్లాడేవాళ్లలో, అనుభవాలు రాసేవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు. వాళ్ల భయాలు వేరు: కుట్ల గీత కనిపిస్తుందా, తమ్మె ఆకారం మారుతుందా, దిద్దులు పెట్టుకోవచ్చా. వాటికి జవాబులు బోలెడు దొరికాయి. మగవాడి గడ్డం ఏమవుతుందో మాత్రం ఎవరి అనుభవంలోనూ కనిపించలేదు.

తిరగడం బాగానే తిరిగాను. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, కొండాపూర్ మూడు వైపులా చూపించుకున్నాను. ఒకచోట డాక్టర్ కంటే ముందు ప్యాకేజీ కాగితం పట్టుకొచ్చిన కౌన్సెలర్ 'హైఫు' చేయించుకోమంది. అది అల్ట్రాసౌండ్ వేడిని నాలుగున్నర మిల్లీమీటర్ల లోతు దాకా పంపి చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను కొత్తగా పుట్టించే పద్ధతి. ఫలితం తేలడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అదీ కొద్దిగా వదులైన చర్మానికి. ఇంకోచోట చర్మం కింద దారాలు దూర్చి పైకి లాగుతామన్నారు. ఆ పీడీవో దారం ఆపరేషన్లలో కరిగిపోయే కుట్లకు వాడేదే, ఆరేడు నెలల్లో కరిగిపోతుంది. బరువైన మగ చర్మాన్ని అది ఎన్నాళ్లు మోస్తుంది? కొవ్వు కరిగించే ఇంజెక్షన్ కొవ్వు ఉన్నవాళ్లకు. నాకు మిగిలింది తోలు. చివరికి ఎంసీహెచ్ (సర్జరీలో పై చదువు) చేసిన ప్లాస్టిక్ సర్జన్లు ఇద్దరు విడివిడిగా ఒకే మాట అన్నారు: చర్మం మిగిలిపోయింది, కత్తిరించక తప్పదు. అందులో ఒకాయన దగ్గరే చేయించుకున్నాను.

ఆయనకు వంక పెట్టడానికి లేదు. కాంప్లికేషన్లన్నీ కూర్చోబెట్టి చెప్పారు. గడ్డం ఉన్న చర్మానికి రక్త సరఫరా ఎక్కువ కాబట్టి, ఆపరేషన్ తర్వాత లోపల రక్తం చేరడం మగవాళ్లలో ఎక్కువని చెప్పి, నా బీపీ దారికొచ్చేదాకా డేటే ఇవ్వలేదు. సిగరెట్ తాగేవాళ్లకు చర్మం అంచులు నల్లబడి చచ్చిపోవచ్చన్నారు. పెదవి మూలను కదిలించే నరం గురించి, తమ్మెకు స్పర్శ ఇచ్చే నరం గురించి బొమ్మ గీసి మరీ చూపించారు. అవన్నీ జరిగితే జరగొచ్చు, లేకపోతే లేదు అనే రకం. గడ్డం జరగడం అలా కాదు, ఖాయంగా జరిగేది. ఖాయం కాబట్టే అది కాంప్లికేషన్ల జాబితాలోకి రాలేదు, జాబితాలో లేదు కాబట్టి మాటల్లోకీ రాలేదు.

మొదట్లో నాకూ తెలియలేదు. వాపు, దవడకు బిగించిన పట్టీ, గీసుకోవద్దన్న ఆంక్ష, వీటి మధ్య చెవి వెనక ఎవరు చూసుకుంటారు? కాస్త గరుకుగా తగిలితే కుట్లేమో అనుకున్నాను. పట్టీ తీసేసిన కొన్నాళ్లకు కొత్తపేటలో ఎప్పుడూ వెళ్లే కటింగ్ షాపుకు వెళ్లాను. అతను మెషిన్ పెట్టబోయి ఆగి, నా చెవి మడిచి చూసి, షాపంతా వినపడేలా అడిగాడు: "సార్, గిదేంది? చెవెనక గడ్డమొచ్చింది మీకు!"

పక్క కుర్చీల్లో వాళ్లు తల తిప్పారు. నురగ పూసి ఉన్న ఒకాయన లేచి వచ్చి మరీ చూశాడు. ఆపరేషన్ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు కాబట్టి నోటికొచ్చింది అన్నాను: ఏదో కొత్త మందు వాడుతున్నా, దాని వల్ల కావచ్చు. మా షాపు అతనికి బట్టతల. మెషిన్ పక్కన పెట్టేసి చాలా సీరియస్‌గా, "మందు పేరు చెప్పుండ్రి సార్, నా నెత్తికి రాస్కుంట" అన్నాడు. ఇప్పటికీ నేను వెళ్లినప్పుడల్లా ఆ మందు పేరు అడుగుతూనే ఉంటాడు.

నవ్వొచ్చే భాగం అక్కడితో సరి. చెవి వెనక గీసుకోవడం అద్దంలో కనిపించే పని కాదు. పైగా తమ్మె, దాని వెనక భాగం మొద్దుబారి ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత ఇది మామూలే, చాలామందికి నెలల్లో స్పర్శ తిరిగొస్తుందన్నారు. కుడివైపు వచ్చింది. ఎడమవైపు ఇంకా పూర్తిగా రాలేదు. కనిపించని, తెలియని చోట బ్లేడు తిప్పడమంటే ఎలా ఉంటుందో ఒక ఉదయం అర్థమైంది. గీసుకుని, స్నానం చేసి, బండి మీద కాలేజీకి వెళ్లి క్లాసు మొదలుపెట్టాను. ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తి, "సార్, మీ కాలర్ అంతా రక్తం" అంది. కోత చిన్నదే, హెల్మెట్ రాసుకుని పెద్దదైంది. నాకు చీమ కుట్టినంతైనా తెలియలేదు. షుగర్ ఉన్నవాడిని, అలాంటి గాయాలతో ఆడుకోలేను.

అప్పటి నుంచి బ్లేడు మానేసి ట్రిమ్మర్ పెట్టాను. ట్రిమ్మర్ నున్నగా తీయదు, మొలకలు మిగులుతాయి. ఆ మొలకల మీద రోజంతా కళ్లద్దాల కాడ ఒరుసుకుంటూ ఉంటే సాయంత్రానికి దురద. కొన్ని వెంట్రుకలు లోపలికే తిరిగి పొక్కులవుతాయి. ఇంక చెవి వెనక డ్యూటీ మా ఆవిడకు పడింది. ఆదివారం పూట నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ట్రిమ్మర్ పట్టుకుని, "అందం మీకు, చాకిరీ నాకూనా అండీ" అంటూ పని కానిస్తుంది. ఆమె పుట్టింటికి వెళ్తే గడ్డం కూడా పెరుగుతుంది, ముందూ వెనకా.

చెకప్‌కు వెళ్లినప్పుడు సర్జన్‌ను అడిగేశాను. ఆయన తడుముకోలేదు. "మీకు కోత చెవి రంధ్రం ముందుండే బుడిపె మీదుగా కాకుండా, దానికి ముందే పెట్టాను. అందుకే బుడిపె మీద గడ్డం రాలేదు. ఆడవాళ్లకు బుడిపె వెనక దాస్తాం, మగవాళ్లకు అలా చేస్తే చెవి మీదే గీసుకోవాల్సి వస్తుంది. వెనక వైపు మాత్రం తప్పదు" అన్నారు. అంటే ఆయనకు అంతా తెలుసు, నా కోసం సగం తప్పించారు కూడా. ఆ మాటే ముందు చెప్పి ఉంటే నాకు ఈ కోపం సగమే ఉండేది.

చెప్పి ఉంటే మనసు మార్చుకునేవాణ్ణా అంటే, అదీ గట్టిగా అనలేను. పెద్ద వయసు మగవాళ్లకు ఇంకో దారి ఉంది: మెడ ముందు భాగంలోనే మిగిలిన చర్మాన్ని కోసి నేరుగా కుట్టేయడం. గడ్డం ఎక్కడికీ జరగదు, ఆపరేషన్ చిన్నది. మచ్చ మాత్రం మెడ మధ్యలో ఉంటుంది, బుగ్గలు జారడానికి అది పనిచేయదు. నాకు బుగ్గలూ జారాయి, కాలర్ గుండీ పెట్టుకునే అలవాటూ లేదు. మెడ ఒక్కటే సమస్యైన మగవాళ్లు మాత్రం దాని గురించి అడగండి, డాక్టర్లు వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు.

పైన దవడ గురించి అన్నది పక్క నుంచి తీసిన ఫోటో వరకు నిజం. తల వంచి మొబైల్ చూస్తే గడ్డం కింద మడతలు పడతాయి. కుడి బుగ్గ కింద మళ్లీ కొద్దిగా మెత్తబడుతోంది. వయసు ఆగదు కదా, సర్జన్ కూడా జీవితాంతం అనలేదు. ఎడమ చెవి వెనక కుట్ల గీత కొంచెం లావుగా ఉంది. అక్కడ గడ్డం ఉండటం వల్ల అది కనపడదు, ఆ మేరకు లాభం.

ఖర్చు అన్నీ కలిపి మూడు లక్షలు దాటింది. అందం కోసం చేసే ఆపరేషన్‌కు వైద్యానికి ఉండే మినహాయింపు వర్తించదు, 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఇన్సూరెన్స్ రూపాయి ఇవ్వదు. నాకు అప్పు చేయాల్సిన అవసరం పడలేదు, పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి, బీపీ మాట వింటోంది, సిగరెట్ అలవాటు లేదు, వేసవి సెలవుల్లో ఇంట్లో కూర్చోగలిగాను. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా చేయించుకోమనే ధైర్యం నాకు లేదు. సూర్యాపేట నుంచి మా బావమరిది ఫోన్ చేసి తన మెడ సంగతి అడిగాడు. ముందు బరువు తగ్గి, అది ఒకచోట నిలబడ్డాక మాట్లాడదామన్నాను. గడ్డం సంగతి మాత్రం మొదటి వాక్యంలోనే చెప్పేశాను.

లేజర్‌తో పోతుంది కదా అని చాలామంది సలహా. చేయించాను. లేజర్ వెంట్రుకలోని నలుపును పట్టుకుని కుదురును కాలుస్తుంది. నా గడ్డంలో సగం పైన తెలుపే. నల్లవి పలచబడ్డాయి, తెల్లవి కదల్లేదు. ఈ వయసులో ఈ ఆపరేషన్‌కు వెళ్లే మగవాళ్లలో చాలామంది గడ్డం అప్పటికే నెరిసి ఉంటుంది కాబట్టి లేజర్ మీద ఆశ పెట్టుకోకండి. తెల్లవాటికి మిగిలింది ఎలక్ట్రోలిసిస్, ఒక్కో కుదురులోకి సన్న సూది దించి కరెంటుతో మాడ్చడం. నెలల తరబడి సాగే పని, నొప్పి కూడా ఉంటుందట. ఎడమవైపు నుంచి మొదలుపెడదామనుకుంటున్నాను, అక్కడ ఎలాగూ నాకు తెలియదు.