సోలార్ కారు బుకింగ్ పేరిట ‘భాగస్వామ్యం’ రాయించుకుంటున్నారు, జాగ్రత్త

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కొంతకాలంగా ఒక ఏజెన్సీ ఫంక్షన్ హాళ్లలో సమావేశాలు పెట్టి, ఛార్జింగ్ పెట్టే పనే లేని సోలార్ ఎలక్ట్రిక్ కారు అమ్ముతామంటూ జనం దగ్గర సొమ్ము వసూలు చేస్తోంది. ఫిర్యాదు ఇంకా విచారణలో ఉన్నందున ఏజెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. అయితే వారు పని చేసే తీరు తెలిస్తే, రేపు వేరే బోర్డు పెట్టుకొని వచ్చినా గుర్తుపట్టవచ్చు. నేను కారు కోసమే 51,000 రూపాయలు కట్టాను. అదే సభలో మా తోడల్లుడు ‘ఫౌండర్ మెంబర్’ పథకం కింద 2 లక్షలు కట్టాడు. కారు కొనేవాడికీ, పెట్టుబడి పెట్టేవాడికీ ఒకే రకం రసీదు ఇచ్చారు. అసలు గొడవంతా ఆ రసీదులోనే ఉంది.

రసీదు పైభాగాన పెద్ద అక్షరాలతో ‘బుకింగ్ కన్ఫర్మేషన్’ అని ఉంటుంది. దాని కింద, కళ్లద్దాలు పెట్టుకొని చదవవలసినంత చిన్న అక్షరాలతో ‘వాహన ప్రాజెక్టు భాగస్వామ్య చందా’ అని ఉంటుంది. జీఎస్టీ నంబరు లేదు, కారు మోడల్ వివరం లేదు, ఎప్పుడు ఇస్తారో తేదీ లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు పంపినప్పుడు ఫోన్‌లో కనిపించింది కంపెనీ పేరు కాదు, ఒక వ్యక్తి పేరు. అడిగితే ‘అది మా అకౌంటెంట్ ఖాతా సార్, సాయంత్రానికి కంపెనీకి వెళ్లిపోతుంది’ అన్నారు. రసీదుతో పాటు 100 రూపాయల స్టాంపు పేపరుపై ఒక ఒప్పందం మీద కూడా సంతకం తీసుకున్నారు. అందులో ఒకచోట, సంతకం చేసిన వ్యక్తి తాను వినియోగదారుడు కాదనీ, లాభాపేక్షతో ప్రాజెక్టులో పెట్టుబడి పెడుతున్నాడనీ రాసి ఉంది. ‘మీరు కస్టమర్ కాదు సార్, ఓనర్’ అని సభలో మైకు పట్టుకొని పదే పదే చెప్పిన మాటకు అసలు అర్థం ఇది.

ఈ వాక్యం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారు సాధారణంగా వినియోగదారుల నిర్వచనంలోకి రారు. కాబట్టి కారు ఇవ్వలేదని మనం వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే, ‘ఈయన కారు కొనలేదు, వ్యాపారంలో డబ్బు పెట్టాడు’ అని వాదించడానికి వారు ముందే మన చేతనే రాయించి పెట్టుకున్నారన్నమాట. కాగితంలో ఉన్నంత మాత్రాన ఆ వాదన నెగ్గుతుందని కాదు, నిర్ణయించేది కమిషనే. కానీ సొంత కుటుంబానికి ఒక కారు కొనుక్కుందామని వచ్చిన మనిషి ఆ వాదనకు జవాబు చెప్పుకుంటూ నెలల తరబడి తిరగవలసిన అవసరం ఏముంది?

ఇక కారు సంగతి. నల్లగొండ సభకు దానిని డీసీఎం వ్యాను మీద ఎక్కించి తెచ్చారు. ఛార్జింగే అక్కర్లేని కారు హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు తన చక్రాల మీద రాలేకపోయిందా అని ఎవరూ అడగలేదు. నంబరు ప్లేటు లేదు, రిజిస్ట్రేషన్ కాని బండ్లను తిప్పడానికి డీలర్లకు ఇచ్చే ట్రేడ్ సర్టిఫికెట్ నంబరు కూడా లేదు. ప్రహరీ లోపలే ఒక చుట్టు తిప్పి చూపించారు. ఆ తర్వాత షామియానా కింద నీడలో నిలిపినప్పుడు నేను లోపల కూర్చొని డ్యాష్‌బోర్డు తెర చూశాను. ‘సోలార్ ఇన్‌పుట్ 410 వాట్లు’ అని కనిపించింది. పైకప్పు మీద ఉన్న ప్యానెల్ సుమారు ఒకటిన్నర చదరపు మీటర్లు. ఇప్పుడు మార్కెట్లో దొరికే మంచి ప్యానెల్ కూడా ఎండలోని శక్తిలో దాదాపు 22 శాతాన్నే విద్యుత్తుగా మారుస్తుంది. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండ పడుతుందనుకుంటే, ఆ ప్యానెల్ ఇవ్వగలిగింది 330 వాట్లు. అంటే నిండు ఎండలో కూడా ఇవ్వలేని విద్యుత్తును అది షామియానా నీడలో ఇస్తోంది! ఆ సంగతి అడిగితే టెక్నీషియన్ ‘డెమో మోడ్’ అన్నాడు.

వారు చెప్పే ‘రోజుకు 60 కిలోమీటర్లు ఎండతోనే ఉచితం’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన ఆప్టెరా అనే సంస్థ మూడు చక్రాల, ఇద్దరు కూర్చునే కారును రూపొందించింది. దాని మీద సుమారు 700 వాట్ల ప్యానెళ్లు ఉంటాయి, గాలి నిరోధక గుణకం (ఇది ఎంత తక్కువైతే బండి గాలిని అంత తేలిగ్గా చీల్చుకొని వెళ్తుంది) 0.13 అని సంస్థ చెబుతుంది. మామూలు కార్లలో అది 0.3 అటూ ఇటూగా ఉంటుంది. మైలుకు సుమారు 100 వాట్ అవర్లతో (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్), అంటే కిలోమీటరుకు 62 వాట్ అవర్లతో, నడుస్తుంది కనుక బాగా ఎండ కాసే రోజున 40 మైళ్లు, అంటే 64 కిలోమీటర్ల వరకు సౌరశక్తితో తిరగవచ్చని వారి లెక్క. చేప ఆకారంలో, అతి తేలికగా, ఇద్దరి కోసమే చేసిన ఆ బండి లెక్కను మన ఏజెన్సీ తెచ్చి నలుగురు కూర్చునే మామూలు చిన్న కారుకు అతికించింది.

మన కారుకు లెక్క వేస్తే ఇలా ఉంటుంది. తెలంగాణలో సగటున రోజుకు అయిదు గంటల నిండు ఎండతో సమానమైన శక్తి లభిస్తుంది. 330 వాట్ల ప్యానెల్ నుంచి కాగితం మీద 1.65 యూనిట్లు రావాలి. అయితే ప్యానెళ్ల సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఆపైన ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. నల్లగొండ మే నెల ఎండలో ఆపి ఉంచిన కారు పైకప్పు 65 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. దానికి దుమ్మూ, బ్యాటరీలోకి ఎక్కేటప్పుడు పోయే విద్యుత్తూ కలిపితే చేతికి వచ్చేది 1.2 యూనిట్లు. చిన్న ఎలక్ట్రిక్ కారు కిలోమీటరుకు సుమారు 100 వాట్ అవర్లు తీసుకుంటుంది కనుక ఆ విద్యుత్తు 12 కిలోమీటర్లకు సరిపోతుంది. నల్లగొండ నుంచి బయల్దేరితే నార్కట్‌పల్లి దాకా కూడా చేరదు. అదీ పొద్దంతా చెట్టు నీడ తగలకుండా ఎండలో నిలిపితేనే. సభలో నిడమనూరు వైపు నుంచి వచ్చిన ఒక రైతు అడిగిన ప్రశ్నే నాకు అన్నిటికంటే నచ్చింది: ‘పొద్దుమాపు ఎండల పెట్టినంక లోపట గూసునేటోడు ఏం గావాలె?’ అందరూ నవ్వారు గానీ ఆయన అన్నది నిజం. అలా కాగిన కారును చల్లబరచడానికి ఏసీ మింగే విద్యుత్తు, ప్యానెల్ సంపాదించిన దానిలోంచే పోతుంది.

నిజాయితీగా చెప్పే సంస్థలు ఎంత చెబుతాయో కూడా చూడండి. పుణెకు చెందిన వేవ్ మొబిలిటీ 2025 జనవరిలో భారత్ మొబిలిటీ ప్రదర్శనలో విడుదల చేసిన ‘ఈవా’ అనే చిన్న కారుకు, సౌరశక్తి వల్ల ఏడాదికి 3,000 కిలోమీటర్ల వరకు వస్తుందని ఆ సంస్థే చెప్పింది. అంటే రోజుకు సుమారు ఎనిమిది కిలోమీటర్లు. నేను చెబుతున్న ఏజెన్సీకీ ఆ సంస్థకూ ఏ సంబంధమూ లేదు, కొలబద్దగా మాత్రమే ఈ అంకె ఇస్తున్నాను.

డబ్బు లెక్కలో చూసినా అంతే. రోజుకు 1.2 యూనిట్లు, యూనిట్ ఎనిమిది రూపాయలు అనుకుంటే ఏడాదికి మిగిలేది 3,500 రూపాయలు. దీనికి ‘సోలార్ ప్యాకేజీ’ పేరుతో వారు అదనంగా అడుగుతున్నది 1,20,000 రూపాయలు. ఆ సొమ్ము తిరిగి రావడానికి ముప్పై ఏళ్లు దాటుతుంది. ఎండతోనే బండి నడవాలన్న కోరిక ఉన్నవారికి ఇంతకంటే మంచి దారి ఇంటి మీదే ఉంది. పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి పైకప్పుపై 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టుకుంటే కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది. అవి రోజుకు సుమారు పన్నెండు యూనిట్లు ఇస్తాయి, కారు మాత్రం పోర్టికోలో చల్లగా ఉంటుంది.

పెట్టుబడి వైపు వస్తే, మా తోడల్లుడికి చూపిన ఆశ వేరు. నెలకు రెండు శాతం ‘లీజు ఆదాయం’, కంపెనీ స్టాక్ మార్కెట్‌కు వెళ్లినప్పుడు వాటాలు. విదేశాల్లో సామాన్యులు ఇలాగే సోలార్ కార్ల కంపెనీల్లో వాటాదారులయ్యారని చెప్పి అరచేతిలో వైకుంఠం చూపించారు. ఆప్టెరా చిన్న పెట్టుబడిదారుల నుంచి సొమ్ము సేకరించిన మాట నిజమే. కానీ అది అమెరికాలో ‘రెగ్యులేషన్ ఎ’ అనే నిబంధన కింద, అక్కడి నియంత్రణ సంస్థకు పత్రాలు దాఖలు చేసి చేసిన పని. మన దేశంలో ప్రైవేటు కంపెనీ ఇలా బహిరంగ సభ పెట్టి వాటాలు అమ్మడానికి వీల్లేదు. కంపెనీల చట్టం, 2013లోని 42వ సెక్షన్ కింద వాటాలు ఇవ్వాలంటే ప్రకటనలు ఇవ్వకూడదు, ముందుగా గుర్తించిన వారికే ఇవ్వాలి, వారి సంఖ్య ఒక ఆర్థిక సంవత్సరంలో 200 దాటకూడదు. అనుమతి లేకుండా నెలనెలా రాబడి ఆశ చూపి డిపాజిట్లు తీసుకోవడాన్ని 2019లో వచ్చిన నియంత్రణ లేని డిపాజిట్ పథకాల నిషేధ చట్టం నేరంగా చూస్తుంది.

విదేశాల ఉదాహరణలు చెప్పేటప్పుడు వారు సగం కథ దగ్గరే ఆపేస్తారు. ఇప్పుడున్న ఆప్టెరా 2019లో మళ్లీ మొదలైనది. మొదటి ఆప్టెరా 2011లోనే మూతపడింది. నెదర్లాండ్స్‌కు చెందిన లైట్‌ఇయర్ సుమారు రెండున్నర లక్షల యూరోల కారు తయారీని 2022 చివర్లో మొదలుపెట్టి, కొన్ని వారాలకే, 2023 జనవరిలో ఆపేసింది. దాని తయారీ విభాగం దివాలా తీసింది. జర్మనీకి చెందిన సోనో మోటార్స్ తన సియాన్ కారుకు 20,000కు పైగా బుకింగులు తీసుకొని, 2023 ఫిబ్రవరిలో ఆ కారు ప్రాజెక్టునే వదిలేసింది. ఇవి మోసగాళ్ల సంస్థలు కావు, సమర్థులైన ఇంజనీర్లు నడిపినవి. అలాంటి చోటే బుకింగ్ సొమ్ము ఇంత ప్రమాదంలో పడితే, కారును డీసీఎం మీద తెచ్చేవారి దగ్గర పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు.

ఎక్కువమందిని తొందరపెట్టిన మాట మరొకటి ఉంది. ‘రోడ్డు టాక్స్ మినహాయింపు అయిపోతుంది, ఇవాళే బుక్ చేయండి’ అన్నారు. 2024 నవంబరులో వచ్చిన రాష్ట్ర ఈవీ విధానం ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ప్రకటించిన మాట వాస్తవం. అయితే అది వర్తించేది రిజిస్ట్రేషన్‌కు, బుకింగ్‌కు కాదు. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థల నుంచి టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్ నిబంధనల ప్రకారం ఉందన్న ధ్రువీకరణ, లేని కారుకు రిజిస్ట్రేషనే జరగదు. ఆ సర్టిఫికెట్ నకలు చూపించమని ఒక్క మాట అడగండి. మాతో ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్నారు.

జీఎస్టీ నంబరు ఎవరైనా ఇస్తే దానిని కూడా చూడండి. తెలంగాణలో తీసుకున్నది 36తో మొదలవుతుంది. అందులో ఆరో అక్షరం ‘సి’ అయితే కంపెనీది, ‘ఎఫ్’ అయితే భాగస్వామ్య సంస్థది, ‘పి’ అయితే ఒక వ్యక్తిది. నేను పట్టుబట్టిన తర్వాత వారు వాట్సాప్‌లో పంపిన నంబరులో ఆరో అక్షరం ‘పి’.

ఇప్పటికే కట్టినవారు 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు నమోదు చేయవచ్చు. మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. డబ్బు ఆన్‌లైన్‌లో పంపి మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పడం మేలు. ఎక్కువ సొమ్ము ‘ఫౌండర్ మెంబర్’ కింద కట్టినవారు డిపాజిట్ల నిషేధ చట్టం ప్రస్తావనతో పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మా తోడల్లుడు అలాగే ఇచ్చాడు. నేను కమిషన్‌కు వెళ్తున్నాను.

తాజాగా వారి మనుషులు ఫోన్ చేసి, పాత రసీదు తెచ్చి ఇస్తే దాని బదులు ‘కొత్త బాండు’ ఇస్తామంటున్నారు. జడ్చర్లలో కొందరు ఇచ్చేశారని తెలిసింది. ఆ బాండు నమూనా నా చేతికి వచ్చింది. అందులో 36 నెలల వరకు సొమ్ము అడగబోనని సంతకం ఉంది, కారు అన్న మాట ఎక్కడా లేదు. ఒరిజినల్ రసీదూ, స్టాంపు పేపరూ ఎట్టి పరిస్థితుల్లోనూ వారి చేతికి ఇవ్వకండి. అడిగితే జిరాక్స్ ఇచ్చి, అందినట్టు దాని వెనకాల సంతకం తీసుకోండి.