బ్రూస్ లీ, చక్ నోరిస్, జెట్ లీ: వీరిలో నిజమైన ఫైటర్ ఎవరు?

బ్రూస్ లీ చనిపోయి యాభై ఏళ్లు దాటింది. ఆయన నిజంగా కొట్లాడగలిగేవాడా అన్న వాదన మాత్రం ఇంకా చల్లారలేదు. భూమ్మీద ఆయనను ఓడించగల మనిషే లేడని కొందరు, కెమెరా ముందు చేతులు తిప్పిన నటుడని కొందరు. ఈ రెండు మాటలూ నాకు బాధ కలిగిస్తాయి. మొదటిది ఆయన పడ్డ కష్టాన్ని మాయగా మార్చేస్తుంది, రెండోది ఆ కష్టాన్ని లేకుండానే చేసేస్తుంది. ఆయన ఒక్కడి గురించే మాట్లాడుకుంటే ఈ వాదన తెగదు. ఆయన సమకాలికుడు చక్ నోరిస్‌నూ, తర్వాతి తరానికి చెందిన జెట్ లీనీ పక్కన పెట్టి చూడాలి. ముగ్గురూ విద్యను శ్రద్ధగా నేర్చినవారే. వాళ్లు నెగ్గిన పరీక్షలు మాత్రం వేరు.

ఫైటర్ అనడానికి నా కొలత ఇది: గెలవాలనే పట్టుదలతో వచ్చి, దెబ్బకు దెబ్బ తీసే మనిషి ఎదుట నిలిచాడా? ఫలితాన్ని ఇరుపక్షాలకూ చెందనివారు చూశారా? రెండు వేళ్ల మీద దండీలు తీయడం, గాలిలో ఎగిరి తన్నడం ఈ లెక్కలోకి రావు. 1964లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ కరాటే పోటీల్లో లీ చేసి చూపిన ‘ఒక అంగుళం గుద్దు’ కూడా రాదు. పిడికిలిని ఎదుటివాడి ఛాతీకి దాదాపు ఆనించి ఉంచి, చేతిని వెనక్కి లాగకుండానే అతన్ని వెనకున్న కుర్చీలో పడేశాడు. కాళ్ల నుంచి నడుముకు, నడుము నుంచి భుజానికి బలాన్ని ఒక్క క్షణంలో చేరవేయడం అందులోని నైపుణ్యం. అది గొప్ప విద్యే. కానీ అక్కడ ఎదుటివాడు కదలకుండా నిలబడి ఉన్నాడు.

మరి కదిలే మనిషి ముందు లీ ఏం చేశాడు? తెలిసినంతలో క్రమంగా చూద్దాం. హాంకాంగ్‌లో కౌమారంలోనే ఇప్ మాన్ దగ్గర వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ శైలి నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో అక్కడ వేర్వేరు గురువుల శిష్యులు మేడల మీద సవాలు పోట్లాటలు పెట్టుకునేవారు. లీ వాటిలో దిగాడు. 1958లో పాఠశాలల మధ్య జరిగిన బాక్సింగ్ పోటీలో విజేతగా నిలిచాడు. గ్లవ్స్, రింగు, రిఫరీ ఉండి, అధికారికంగా ఫలితం నమోదైన పోటీ ఆయన జీవితంలో చెప్పుకోదగ్గది ఇదొక్కటే. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు కూడా సరిగా నిండలేదు.

1959లో అమెరికా చేరాడు. మరుసటి ఏడాది సియాటిల్‌లో కరాటే నేర్చిన ఒక జపాన్ యువకుడు పదేపదే సవాలు చేయడంతో ఒక వ్యాయామశాలలో ఇద్దరూ తలపడ్డారు. గడియారం పట్టుకున్న మిత్రుడి లెక్క ప్రకారం పదకొండు సెకన్లలో ముగిసింది. చూసినవాళ్లలో ఎక్కువమంది లీ మిత్రులే. అయినా ఆ యువకుడు చిత్తుగా ఓడాడన్న దానిలో పెద్దగా వివాదం లేదు.

అసలు చిక్కు కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో జరిగిన పోరుతో వస్తుంది. 1964 చివర్లో వాంగ్ జాక్ మాన్ అనే కుంగ్‌ఫూ నిపుణుడితో లీ తన శిక్షణశాలలోనే తలుపులు మూసి పోరాడాడు. చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. లీ భార్య లిండా చెప్పిన ప్రకారం సుమారు మూడు నిమిషాల్లో అయిపోయింది, వాంగ్ పరుగెత్తాడు, లీ తరిమి పట్టుకుని లొంగదీశాడు. వాంగ్ పక్షం చెప్పిన ప్రకారం ఇరవై నిమిషాలకు పైగా సాగింది, ఎవరూ తేటగా గెలవలేదు. పోరుకు కారణం మీద కూడా మాట కలవదు. చైనీయులు కానివారికి కుంగ్‌ఫూ నేర్పుతున్నందుకే సవాలు వచ్చిందని లిండా. ఒక ప్రదర్శనలో లీ ఎవరినైనా ఓడిస్తానన్నాడు కాబట్టి తాను ముందుకొచ్చానని వాంగ్. తర్వాత వాంగ్ ఒక చైనా భాషా పత్రికలో తన వాదన ప్రచురించి, అందరి ముందూ మళ్లీ తలపడదామని పిలిచాడు. లీ ఆ పిలుపును అందుకోలేదు.

ఎవరు గెలిచారన్నది నేను తేల్చను, తేల్చడానికి ఆధారం లేదు. లీ పక్షమే ఒప్పుకున్న మాట ఒకటుంది: ఆ పోరు ఆయనకు తృప్తినివ్వలేదు. ఊపిరి అందలేదు. తాను నమ్ముకున్న వింగ్ చున్ పారిపోతున్న మనిషి మీద పనిచేయలేదు. ఆ అసంతృప్తి తర్వాత ఆయన చేసిన పని చూస్తేనే నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది. పరుగు, తాడాట, బరువులు రోజువారీ సాధనలోకి వచ్చాయి. బాక్సర్ల ఫిల్ములు తెప్పించి ముహమ్మద్ అలీ పాదాల కదలికను గమనించాడు, పాతకాలపు బాక్సింగ్ ఛాంపియన్ జాక్ డెంప్సీ రాతల నుంచి సూటి గుద్దు గురించి తెలుసుకున్నాడు, కత్తిసాము నుంచి దూరం అంచనా వేయడం తీసుకున్నాడు. జూడోలోనూ కుస్తీలోనూ ఆరితేరిన జీన్ లెబెల్‌తో కలిసి పట్లు సాధన చేశాడు. 1967 నాటికి తన పద్ధతికి జీత్ కునె దో అని పేరు పెట్టాడు. శిష్యులకు గ్లవ్స్, ఛాతీ కవచాలు తొడిగి నిజంగానే కొట్టుకోమన్నాడు. గెలిచాను చాలు అనుకునే మనిషి ఇంత మార్పు తెచ్చుకోడు. తెర మీద తలకు తగిలే ఎత్తైన తన్నులు సినిమా కోసం. పోరు కోసం ఆయన నేర్పింది మోకాలి మీదకు, పిక్క ఎముక మీదకు వెళ్లే లోతట్టు తన్ను.

అయినా ఒక లోటు ఉంది. దాన్ని అభిమానులు దాచకూడదు. తాకకుండా ఆపేసే దెబ్బలతో జరిగే కరాటే పోటీలను ఆయన నీళ్లలో దిగకుండా నేర్చే ఈతతో పోల్చేవాడు. విమర్శ సరైనదే. అయితే అంత నమ్మకం ఉన్న మనిషి, ఇరవై ఐదేళ్లు దాటాక, బయటివాళ్లు న్యాయనిర్ణేతలుగా ఉన్న ఒక్క పోటీలోనూ దిగలేదు. నిబంధనలు నచ్చకపోవడం ఒక కారణం, సినిమా అవకాశాల వేట ఇంకో కారణం, 1970లో వ్యాయామం చేస్తూ తెచ్చుకున్న తీవ్రమైన నడుము గాయం మరో కారణం కావచ్చు. కారణాలు ఎన్ని చెప్పినా ఆ గడి ఖాళీగానే ఉంది.

ఆ గడిని నింపినవాడు చక్ నోరిస్. అమెరికా వైమానిక దళంలో చేరి 1958లో దక్షిణ కొరియాలోని ఓసాన్ స్థావరానికి వెళ్లాడు, అక్కడే తాంగ్ సూ దో అనే కొరియా యుద్ధవిద్య నేర్చాడు. తిరిగి వచ్చాక వరసగా పోటీల్లో దిగాడు. మొదట్లో ఓడిపోయాడు కూడా. జో లూయిస్, అలెన్ స్టీన్ వంటి ఆనాటి మేటి కరాటే ఆటగాళ్ల చేతుల్లో. 1968లో లూయిస్ డెల్గాడో చేతిలో ఓడి, అదే ఏడాది నవంబరులో అతన్నే ఓడించి మిడిల్‌వెయిట్ ప్రొఫెషనల్ కరాటే టైటిల్ గెలిచాడు. ఆ టైటిల్‌ను ఆరేళ్లు నిలబెట్టుకున్నాడు. ఆ ఓటములు నోరిస్ విలువను తగ్గించవు, పెంచుతాయి. ఎవరితో తలపడ్డాడు, ఎప్పుడు ఓడాడు, ఎప్పుడు బదులు తీర్చుకున్నాడు అన్నవి వందలమంది ప్రేక్షకుల ముందు జరిగాయి.

నోరిస్ ఆడింది ప్రధానంగా పాయింట్ల కరాటే అని మరచిపోకూడదు. దెబ్బ చేరిందని నిర్ణేతలు గుర్తించగానే ఆట ఆపి పాయింటు ఇస్తారు. వరసగా ఐదారు దెబ్బలు కొట్టడం, తిన్నాక నిలదొక్కుకోవడం అక్కడ పెద్దగా పరీక్షకు రావు. లీ చేసిన విమర్శ ఈ పోటీల గురించే. అయినా ఆనాటి ఆట ఇప్పటికన్నా మోటుగా ఉండేది, దెబ్బలు బాగానే తగిలేవి. లేని పరీక్షకన్నా లోపమున్న పరీక్ష నయమని నేను నమ్ముతాను.

జెట్ లీ సంగతికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఎనిమిదేళ్ల వయసులో బీజింగ్‌లో ఊషూ అనే చైనా యుద్ధవిద్య సాధన మొదలుపెట్టాడు. 1974లో పదకొండేళ్ల పిల్లవాడిగా చైనా బృందంతో అమెరికా వెళ్లి అధ్యక్షుడు నిక్సన్ ముందు ప్రదర్శన ఇచ్చాడు. 1979 వరకు ఐదుసార్లు జాతీయ విజేత. అయితే ఆ పోటీ రూపాలది. ఒంటరిగా, లేదా ముందే కూర్చుకున్న క్రమంలో జోడీతో చేసే విన్యాసాలకు న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. జిమ్నాస్టిక్స్‌కు దగ్గర, బాక్సింగ్‌కు దూరం. దేహం మీద అంత అదుపు ముగ్గురిలో మరొకరికి లేదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ ఎదురుదెబ్బ లేని విద్య ఇది, ఫైటర్ అన్న మాట దీనికి వర్తించదు.

కాబట్టి రుజువు అడిగితే నా ఓటు నోరిస్‌కే. బ్రూస్ లీ, నోరిస్ పోరాడితే ఎవరు గెలుస్తారని అడిగితే, 1972 నాటి ‘వే ఆఫ్ ది డ్రాగన్’ సినిమాలో రోమ్ కొలీసియం నేపథ్యంగా వాళ్లిద్దరి మధ్య తీసిన పోరాట దృశ్యాన్ని సాక్ష్యంగా తెచ్చేవాళ్లుంటారు. ఆ దృశ్యం రూపొందించింది లీ, సినిమా లీది, గెలుపూ లీదే. అసలు విషయం బరువు. లీ 60-65 కిలోల మధ్య ఉండేవాడు, అంటే నేటి బాక్సింగ్ లెక్కల్లో లైట్‌వెయిట్ చుట్టుపక్కల. నోరిస్ ఆయనకన్నా బరువైనవాడు, ఒత్తిడిలో ఆడిన అనుభవం ఉన్నవాడు. పాయింట్ల పోటీలో నోరిస్ నెగ్గుతాడని నా అంచనా. నిబంధనలు సడలించి, దెబ్బలు ఆగకుండా పడే పోరు పెడితే లీ వేగాన్నీ, వరస గుద్దులనూ తక్కువ అంచనా వేయలేను. అలీ లాంటి హెవీవెయిట్‌ను పడగొట్టేవాడనే మాట మాత్రం అభిమానం తప్ప మరేమీ కాదు.

లీ పక్షాన నాకు బాగా నచ్చే ఆధారం ఆయన సొంత పోరుల్లో లేదు, జో లూయిస్‌లో ఉంది. జపాన్ దీవి ఒకినావాలో కరాటే నేర్చిన ఈ అమెరికా మెరైన్ సైనికుడు, అప్పటికే అమెరికాలో పేరున్న హెవీవెయిట్. 1960ల చివర్లో లీ దగ్గర శిక్షణ తీసుకున్నాడు. దూరాన్ని చటుక్కున దాటడం, ఎదుటివాడు కదిలే ముందే కొట్టడం, ముందు చేతినే బలమైన ఆయుధంగా వాడడం అక్కడ పదును తేరాయి. 1970 జనవరిలో లాంగ్ బీచ్‌లో గ్లవ్స్ తొడుక్కుని రింగులోకి దిగి, అమెరికాలో తొలి కిక్‌బాక్సింగ్ పోరుగా చెప్పుకునే దానిలో గ్రెగ్ బేన్స్‌ను రెండో రౌండులోనే నాకౌట్ చేశాడు. లీ ఆలోచనలు దెబ్బలు ఆగని రింగులో నెగ్గుతాయని అక్కడ తేలింది. లీ తాను దిగని పరీక్షను ఆయన విద్య దిగి గెలిచింది. కోచ్‌గా ఆయన స్థాయి నోరిస్‌కన్నా పైన ఉంటుందని నేను గట్టిగా అంటాను.

తెలుగు తెర మీద కూడా 1980లలో భానుచందర్, సుమన్ కరాటే నేర్చుకునే వచ్చారు. వాళ్లను చూసి చిన్న పట్టణాల్లో సైతం ఎందరో కుర్రాళ్లు తెల్ల దుస్తులు కుట్టించుకున్నారు. ఈ రోజు పిల్లల్ని ఏ విద్యలో చేర్చాలని అడిగే తల్లిదండ్రులకు నా సమాధానం ఈ పోలికలోంచే వస్తుంది. ఒంటి వంపు, క్రమశిక్షణ, వేదిక మీద ధైర్యం కావాలంటే ఊషూ గానీ, కటాలు (ఒంటరిగా చేసే విన్యాసాల వరసలు) బాగా నేర్పే కరాటే గానీ చాలు. ఆత్మరక్షణ కావాలంటే మాత్రం మాస్టారు గోడకు తగిలించిన ఫొటోలనూ బెల్టు రంగునూ పక్కన పెట్టి, ఒక సాయంత్రం కూర్చుని తరగతి చూడండి. గ్లవ్స్, దంత కవచం తొడుక్కుని పిల్లలు వారానికి ఒకసారైనా ఒకరితో ఒకరు తలపడుతున్నారా? బయటి క్లబ్బులతో పోటీలకు వెళ్తున్నారా? ఓడి వచ్చిన పిల్లవాడికి ఎక్కడ తప్పిందో మాస్టారు విడమరచి చెబుతున్నారా? ఈ మూడింటికీ అవునన్న సమాధానం వస్తే అక్కడ చేర్చండి. అది బాక్సింగ్ అయినా, జూడో అయినా, కరాటే అయినా ఫర్వాలేదు.