ఇద్దరు డాక్టర్లు, ఒక కాన్పు: పాపకు రెండేళ్లు నిండాక రాస్తున్న సమీక్ష

పాపకు మొన్ననే రెండేళ్లు నిండాయి. అప్పటి ఫైలు ఇంకా బీరువాలోనే ఉంది. అందులో ఇరవై రెండో వారం దాకా ఒక డాక్టరు చేతిరాత, ఆ తర్వాత ఇంకొకరిది. మధ్యలో డాక్టరును మార్చినదాన్ని కాబట్టి, తొలిచూలుకు ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోలేని స్నేహితులందరూ నన్నే అడుగుతుంటారు. ప్రతిసారీ ఫోన్లో చెప్పేకన్నా ఒకసారి రాసేస్తే నయమనిపించింది.

మొదటి డాక్టరును నేను ఎంచుకున్నానని చెప్పలేను. ఎవరిని అడిగినా ఆవిడ పేరే చెప్పారు, వెళ్లాను. హాలు నిండా జనం. ఇంతమంది వస్తున్నారంటే మంచి డాక్టరే అయి ఉంటారనుకున్నా. ఇంతమందిలో నాకెన్ని నిమిషాలు దక్కుతాయన్న లెక్క అప్పుడు తట్టలేదు. రెండు గంటలు కూర్చుంటే లోపల నాలుగు నిమిషాలు. బరువు, బీపీ, మందుల చీటీ, "అంతా బాగుందమ్మా", బయటికి. వైద్యంలో నిర్లక్ష్యం ఉందని అనను. ఫోలిక్ యాసిడ్ రాశారు, పన్నెండో వారంలో ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి మందం చూసేది), ఇరవయ్యో వారంలో అనామలీ స్కాన్ (అవయవాల్లో లోపాలున్నాయేమో చూసేది) చేయించారు. పరీక్షలన్నీ వేళకే జరిగాయి.

ఒక్కటి మాత్రం జారిపోయింది. డ్యూ డేట్‌ను చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కేసి వేస్తారు. నెలసరి 28 రోజులకోసారి వచ్చేవాళ్లకు ఆ లెక్క సరిపోతుంది. నాకు వచ్చేది 35 రోజులకో, ఇంకా ఆలస్యంగానో. మొదటి మూడు నెలల్లో చేసిన స్కాన్‌లో బిడ్డ కొలతను బట్టి చూస్తే అసలు తేదీ ఎనిమిది రోజులు ఆలస్యంగా పడాలి. ఆ సంగతి స్కాన్ రిపోర్టులో ఉంది. కార్డు మీద మాత్రం పాత తేదీయే ఉండిపోయింది. ఎనిమిది రోజులకే ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది. చివరి నెలలో ఆ ఎనిమిది రోజులే ఎంత పనిచేశాయో కింద చెప్తాను.

ఇరవై రెండో వారంలో ఒక ప్రశ్న అడిగాను. "నొప్పులు వచ్చినప్పుడు మీరే ఉంటారా మేడమ్? లేకపోతే ఎవరు చూస్తారు?" "అవన్నీ ఇప్పుడెందుకమ్మా, మేం చూసుకుంటాం కదా" అన్నారు. గొంతులో విసుగు లేదు, నవ్వుతూనే అన్నారు. అయినా ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. మారతానంటే ఇంట్లోవాళ్లకు టెన్షన్. నడిమధ్యలో డాక్టరును మారిస్తే కొత్త డాక్టరు చేర్చుకుంటుందా అని వాళ్ల భయం. చేర్చుకుంటారు. రిపోర్టులన్నీ వెంట ఉంటే చాలు. ఎనిమిది నెలలు దాటాక అయితే కష్టమే కావచ్చు, అందుకే మారాలనుకుంటే తొందరగా మారడం మంచిది.

ఈసారి ముగ్గురిని కలిశాను. ముగ్గురినీ అవే ప్రశ్నలు అడిగాను.

చాలామంది అడిగేది "మీ దగ్గర సిజేరియన్లు ఎంత శాతం?" అని. నేనూ అలాగే మొదలుపెట్టాను కానీ, ఆ ప్రశ్నతో పెద్దగా తేలేదేమీ లేదు. కవలలు, ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డలు, బీపీ పెరిగిన తల్లులు ఎక్కువగా వచ్చే చోట ఆ సంఖ్య పెద్దదిగానే ఉంటుంది. అడగాల్సింది మనలాంటి వాళ్ల సంగతి: తొలి కాన్పు, కడుపులో ఒకే బిడ్డ, తల కిందికి ఉంది, 37 వారాలు నిండాయి, నొప్పులు వాటంతటవే వచ్చాయి. ఇలాంటి వందమందిలో ఎంతమందికి ఆపరేషన్ అయింది? కాన్పులను ఇలా పది గుంపులుగా విడదీసి లెక్క చూడడాన్ని రాబ్సన్ వర్గీకరణ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అన్ని ఆసుపత్రులూ దీన్నే వాడాలని చెప్పింది. నేను చెప్పినది అందులో మొదటి గుంపు. ముగ్గురిలో ఒకావిడ "ఇవన్నీ ఎక్కడ చదివావమ్మా" అని నవ్వారు. ఇంకొకావిడ అలాంటి లెక్కేదీ తమ దగ్గర లేదన్నారు. మూడో ఆవిడ నర్సును పిలిచి రిజిస్టరు తెప్పించారు. అందులోని అంకె నాకు నచ్చిందా లేదా అన్నది అటుంచితే, అడిగితే చూపించారు.

రెండో ప్రశ్న నా సొంతం. "బొడ్డుతాడు మెడకు చుట్టుకుంటే ఆపరేషనేనా?" పుట్టేటప్పుడు దాదాపు నాలుగైదు మంది బిడ్డల్లో ఒకరికి అది మెడ చుట్టూ ఉంటుంది. చాలాసార్లు వదులుగానే ఉంటుంది, ఊడదీస్తే వచ్చేస్తుంది. అదొక్కటే కోతకు కారణం కాదు. "రిస్క్ ఎందుకమ్మా, చేసేద్దాం" అన్న డాక్టరు పేరు అక్కడే కొట్టేశాను. అలాగని నార్మల్ డెలివరీ గ్యారంటీ అని మాటిచ్చేవాళ్లనూ నమ్మలేదు. అలా మాటివ్వడం ఎవరి చేతుల్లోనూ ఉండదు.

డాక్టరు కంటే ముందు చూడాల్సింది ఆసుపత్రేనని నాకు ఆలస్యంగా అర్థమైంది. రాత్రి రెండింటికి ఆపరేషన్ కావాల్సి వస్తే మత్తు డాక్టరు లోపలే ఉంటారా, ఇంటి నుంచి రావాలా? రక్తం ఎక్కడి నుంచి తెస్తారు? బిడ్డకు ఊపిరి ఇబ్బందైతే ఎన్‌ఐసీయూ, అంటే పసిబిడ్డల ఐసీయూ, ఆ భవనంలోనే ఉందా? వీటికి సూటిగా జవాబు రాని చోట డాక్టరు చేతి చలువను నమ్ముకుని చేరడం నాకైతే సరికాదనిపిస్తుంది. లేబర్ రూమ్‌లోకి తోడు ఒకరిని రానిస్తారా అన్నదీ అడిగాను, ఒక్కచోటే రానిస్తామన్నారు.

అలా రిజిస్టరు చూపించిన ఆవిడ దగ్గరే చేరాను. మొదటి రోజే ఫైలంతా తిరగేసి, పాత స్కాన్ దగ్గర ఆగి, కార్డు మీది తేదీ కొట్టేసి ఎర్ర ఇంకుతో కొత్తది రాశారు.

ఆవిడలో లోపాలు లేవా అంటే, బోలెడు. ఫోన్ ఎత్తరు. మెసేజ్ పెడితే రాత్రి పదకొండింటికి "ఓకే" అని వస్తుంది. బరువు పెరిగానని ఒకసారి బాగా తిట్టారు, ఇంటికొచ్చి ఏడ్చాను. పైగా ఆసుపత్రి గంట దూరం. 28 వారాల దాకా నెలకోసారి వెళ్లాలి కాబట్టి తెలియలేదు. ఆ తర్వాత రెండు వారాలకోసారి, 36 దాటాక ప్రతి వారం. తొమ్మిదో నెల కడుపుతో వారం వారం గంట ప్రయాణమంటే ఏమిటో చేస్తేనే తెలుస్తుంది. మళ్లీ ఎంచుకోవాల్సి వస్తే దూరానికి ఇంకాస్త విలువిస్తాను.

అసలు సంగతేంటంటే, ఇంత వెతికి పట్టుకున్న ఆ డాక్టరు నా కాన్పు రాత్రి లేరు. ముప్పై ఆరో వారంలోనే చెప్పారు, ఫలానా నాలుగు రోజులు ఊళ్లో ఉండనని. ఆ రోజే తన బదులు చూసే డాక్టరును పిలిచి పరిచయం చేశారు. మగ డాక్టరు. ఆడ డాక్టరే కావాలని అంతవరకూ పట్టుబట్టినదాన్ని. ఆ పట్టింపు తప్పని అనను, కానీ అది ఉన్నవాళ్లు రాత్రి డ్యూటీలో ఎవరుంటారో ముందే అడగడం మంచిది. నేను అడగలేదు. నొప్పుల మధ్యలో మాత్రం అది గుర్తుకే రాలేదు.

చేరేసరికి 40 వారాల 4 రోజులు. పాత తేదీ లెక్కనైతే 42 వారాలకు రెండు రోజులే తక్కువ. 41 దాటితే చాలాచోట్ల నొప్పులు రావడానికి మందు పెడతారు. అంటే పాత కార్డుతోనే ఉండి ఉంటే నాలుగైదు రోజుల ముందే నన్ను చేర్చుకుని మందు పెట్టి ఉండేవారు. ఆయన ఎర్ర ఇంకు చూశారు, "టైమ్ ఉంది" అన్నారు. తెల్లవారుజామున బిడ్డ గుండె చప్పుడు తగ్గడం మొదలైంది. పక్కకు తిప్పి పడుకోబెట్టారు, కాసేపు చూశారు. తర్వాత నా ముఖానికి దగ్గరగా వంగి, "వాక్యూమ్ పెడతాను, తొందరగా వచ్చేస్తుంది, కుట్లు పడొచ్చు, సరేనా?" అని అడిగారు. బిడ్డ తలకు కప్పులాంటిది అతికించి బయటికి లాగే సాధనం అది. సరేనన్నాను. కుట్లు పడ్డాయి. నెల రోజులు సరిగ్గా కూర్చోలేకపోయాను.

ఆరు వారాలకు చెకప్‌కు వెళ్తే మా డాక్టరు ఆ రాత్రి రాసిన కాగితాలు నా ముందే తెరిచి, ఏ గంటకు ఏం జరిగిందో, వాక్యూమ్ ఎందుకు పెట్టారో ఒక్కొక్కటిగా చదివి చెప్పారు. తర్వాత ఫైలు మూసి, "నిద్ర పడుతోందా? ఊరికే ఏడుపొస్తోందా?" అని అడిగారు. నిజానికి వస్తోంది, ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు గదిలో ఎన్ని నిమిషాలు కూర్చున్నానో గుర్తులేదు.

ఇప్పుడు మళ్లీ ఎనిమిదో వారం. అక్కడికే వెళ్తున్నాను. ఫోన్ ఇప్పటికీ ఎత్తరు.