రోడ్ బైక్‌ని మన ఒంటికి పడేలా మార్చుకోవడం: కొన్నేళ్లు తొక్కాక నా రివ్యూ

రోడ్ బైక్, అంటే వంపు హ్యాండిల్ ఉన్న స్పీడ్ సైకిల్, కొన్నాక నడుం నొప్పి, మెడ నొప్పి, చేతుల తిమ్మిరి మామూలే, అవే అలవాటైపోతాయి అని చెప్పేవాళ్లు ప్రతి సైక్లింగ్ గ్రూపులోనూ ఉంటారు. కొంతవరకు నిజమే, కొత్తలో ఎవరికైనా ఒళ్లు పట్టేస్తుంది. కానీ నెలలు గడిచినా యాభై అరవై కిలోమీటర్లు దాటగానే చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారుతున్నాయంటే మాత్రం అలవాటు కోసం ఎదురుచూడటం దండగ, అరచేతి అంచున నరం నలుగుతోందని అర్థం, బండిలో ఏదో మార్చాలి. ఆ మార్పులన్నీ ఒక్కొక్కటిగా చేసి ఏళ్ల తరబడి తొక్కాక, దేనికి ఎంత ఫలితం వచ్చిందో రాస్తున్నా.

నాది అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం), డిస్క్ బ్రేకులు, షిమానో సోరా గేర్లు. నా బరువు 78 కేజీలు. తొక్కేది ఎక్కువగా హైదరాబాద్ పడమటి వైపు, అంటే నార్సింగి, గండిపేట, శంకర్‌పల్లి, మర్రిచెట్ల నీడలో చేవెళ్ల రోడ్డు, ఓపికుంటే వికారాబాద్ దాటి అనంతగిరి గుట్టల దాకా. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో ఓపెన్ చేసిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, 23 కిలోమీటర్లది, బండి కంఫర్ట్ టెస్ట్ చేయడానికి అక్కడికి మాత్రం వెళ్లకండి, దాని మీద ఏ బండైనా బాగానే ఉంటుంది. ఊళ్లలోంచి పోయే రోడ్డు మీద, వరసగా అయిదు తెల్ల గీతల దిమ్మెలు వేసి పెడతారే, అక్కడ తెలుస్తుంది అసలు సంగతి.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది టైర్లు. కొన్నప్పుడు 25 ఎంఎం టైర్లు వచ్చాయి, వాటిలో అందరూ చెప్పినట్టే వంద పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టేవాణ్ణి. తర్వాత 28, ఇప్పుడు 32. ఇప్పుడు వెనక 65, ముందు 60 కొడుతున్నా, ట్యూబులతోనే. ముందు చక్రం మీద బరువు తక్కువ పడుతుంది కాబట్టి అందులో కొంచెం తక్కువ గాలి చాలు. టైరు వెడల్పయితే స్లో అయిపోతామని భయం ఉంటుంది కదా, నాకైతే మన రోడ్ల మీద స్పీడ్ ఏమీ తగ్గలేదు, గతుకుల్లో పెడల్ ఆపకుండా పోగలుగుతున్నా కాబట్టి సగటు కాస్త పెరిగినట్టే ఉంది. కారణం కూడా సింపులే, రాయిలా గట్టిగా ఉన్న టైరు ప్రతి గతుక్కీ బండినీ మనిషినీ కలిపి పైకి ఎగరేస్తుంది, ఆ కుదుపులో పోయేది మన కాళ్ల శక్తే. ప్యారిస్-రూబే లాంటి రాళ్లు పరిచిన దారుల రేసుల్లో ప్రొఫెషనల్స్ 30 పైన వేస్తున్నారు, మామూలు రేసుల్లో కూడా 28 మామూలైపోయింది, మనకెందుకండీ ఇంకా 23 మీద మోజు.

మీ బరువుకి ఎంత గాలి అన్నది నా నంబర్ చూసి కాపీ కొట్టొద్దు. ఒక్కోసారి అయిదు పీఎస్ఐ చొప్పున తగ్గిస్తూ అదే రోడ్డు మీద తొక్కండి, గుంత అంచు తగిలినప్పుడు రిమ్‌కి టక్‌మని తగులుతున్నట్టు అనిపిస్తే అక్కడ ఆగి మళ్లీ కొంచెం పెంచండి. మరీ తగ్గిస్తే ట్యూబు రిమ్‌కీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. దీనికి మీటర్ ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో తప్పనిసరి. ఎందుకంటే పంక్చర్ షాపు అన్న బొటనవేలితో నొక్కి చూసి "ఇంకా కొట్టాల్సార్" అంటూనే ఉంటాడు, ఆయన లెక్క ఆయనది.

రెండోది హ్యాండిల్ దూరం. కొత్తలో 110 ఎంఎం స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క) ఉండేది, దాన్ని తీసి 90 వేశా, పైగా తిరగేసి వేశా, అంటే కిందకి వంగి ఉండాల్సింది పైకి లేచేలా. స్టెమ్ మీద మిగిలి ఉన్న స్పేసర్లు, అంటే ఎత్తు కోసం పెట్టే రింగులు, దాని కిందకి మార్చా. మొత్తం ఖర్చు రెండు వేల లోపే, మెడ నొప్పి సగానికి సగం తగ్గింది. చేసుకునేవాళ్లకి ఒక మాట, బిగించేటప్పుడు ముందు పైన టాప్ క్యాప్ బోల్టుతో హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) లూజు పోయేదాకా సర్దుకుని ఆ తర్వాతే స్టెమ్ పక్క బోల్టులు బిగించాలి, ఎంత గట్టిగా బిగించాలో స్టెమ్ మీద ఎన్ఎం (న్యూటన్ మీటర్) లెక్కలో రాసి ఉంటుంది, అంతకు మించొద్దు. హ్యాండిల్ టేపు కింద జెల్ ప్యాడ్లు కూడా పెట్టించా, బాగానే ఉన్నాయి, కానీ తిమ్మిరి పోయింది వాటి వల్ల కాదు, సీటు సర్దడం వల్ల.

అవును, చేతి తిమ్మిరికి మందు సీటు దగ్గర ఉంది. సీటు ముక్కు కిందకి వాలి ఉంటే ఒళ్లంతా ముందుకి జారుతూ ఉంటుంది, ఆ జారుడు ఆపేది మన అరచేతులే. మేస్త్రీలు వాడే రసమట్టం సీటు మీద పెట్టి సమానంగా చేసుకుని, వెనక్కి నాలుగైదు ఎంఎం జరిపా, రెండు వారాల్లో తేడా తెలిసింది. ఎత్తు కూడా చూసుకోండి, సీటు మరీ ఎత్తుంటే పెడల్ అందక నడుం అటూ ఇటూ ఊగుతుంది, దాంతో తొడల దగ్గర ఒరుసుకుపోయి పుండు పడుతుంది, జనం సీటు బాలేదని తిడతారు. మడమ పెడల్ మీద పెట్టి కిందకి తొక్కినప్పుడు కాలు సరిగ్గా నిటారుగా రావాలి, మొదలుపెట్టడానికి ఆ లెక్క చాలు.

ఇక సీటు కొనాలంటే మెత్తదనం చూసి కొనొద్దు, వెడల్పు చూసి కొనండి. గట్టి నేల మీద అట్టముక్క వేసి కాసేపు కూర్చుంటే కూర్చునే ఎముకల గుర్తులు పడతాయి, ఆ రెండు గుంటల మధ్య దూరం కొలుచుకుని దానికంటే కొంచెం వెడల్పు సీటు వెతుక్కోవాలి. నాకు 143 ఎంఎం సరిపోలేదు, 155 కుదిరింది, మధ్యలో ఖాళీ ఉన్నది, ముక్కు పొట్టిది. చూడ్డానికి చెక్కలా ఉంటుంది కానీ రెండొందల కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్) దాని మీదే చేశా, పదమూడున్నర గంటల గడువులో కింద భాగం గురించి ఆలోచించే అవసరం రాలేదు. జెల్ కవర్ సంగతి అడిగితే, కూరగాయలకి వెళ్లి రావడానికి పర్లేదు, దూరాలకి వద్దు, ఎముక అందులో దిగిపోయి మెత్తటి చోట ఒత్తిడి పెరుగుతుంది.

ప్యాడ్ ఉన్న షార్ట్స్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, లోపల ఇంకేం వేసుకోకూడదు, ప్రతిసారీ ఉతకాలి. బిబ్, అంటే భుజాల మీదికి పట్టీలున్న షార్ట్స్, అయితే జారదు. మన ఎండలకి మరీ మందం ప్యాడ్ చెమట పీల్చి బరువెక్కుతుంది, మధ్యరకం తీసుకోండి.

కార్బన్ సీట్ పోస్ట్ (సీటు కింది గొట్టం) కూడా వేశా, 27.2 ఎంఎంది. సన్నని గరగర తగ్గింది, గుంతలకి మాత్రం ఏ తేడా లేదు. పెట్టిన డబ్బుకి ఇదే వీక్. అది వేసేవాళ్లు గ్రీజు పుయ్యకుండా కార్బన్ పేస్ట్ వాడాలి, లేకపోతే జారుతుంది.

ఇప్పటికీ మిగిలిన ఇబ్బంది ఒకటే, నూటయాభై కిలోమీటర్లు దాటాక మెడ వెనక పట్టేస్తుంది, అది బండి తప్పు కాదనుకుంటా, రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఉద్యోగం కదా. ఇంకా వెడల్పు టైరు వేద్దామంటే నా ఫ్రేమ్‌లో చోటు లేదు. మీరు కూడా కొనేముందు ఫోర్క్ దగ్గర, వెనక చైన్‌స్టేల (వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేమ్ గొట్టాలు) మధ్య ఖాళీ కొలుచుకోండి, రెండు వైపులా కనీసం 4 ఎంఎం వదలాలి, పైగా రిమ్ వెడల్పుదైతే 32 అని రాసి ఉన్న టైరు గాలి కొట్టాక 33, 34 దాకా ఉబ్బుతుంది, దాన్నీ కలిపి లెక్కేసుకోండి. రిమ్ బ్రేకుల పాత బండైతే చాలావాటిలో 28 పట్టడమే ఎక్కువ.