28 ఏళ్లుగా ఆడుతున్న మా టీవీ గేమ్: వాడకం, రిపేర్లు

1997 దసరాకి మా మావయ్య బరంపురం నుంచి తెచ్చిన వీడియో గేమ్ ఇది. పర్లాకిమిడిలో మా ఇంట్లో ఇప్పటికీ ఆడుతోంది. నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్‌కి నకలు. పెట్టె మీద ఏ కంపెనీ పేరూ లేదు. రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక తుపాకీ, ‘999999 ఇన్ 1’ అని రాసి ఉన్న క్యాసెట్ ఇచ్చారు. ఆ క్యాసెట్‌లో నిజంగా ఉన్నవి కొన్ని ఆటలే, అవే తిరిగి తిరిగి వస్తాయి. అయినా ఆ కొన్నింటితోనే మా సెలవులన్నీ గడిచిపోయాయి.

ఇలాంటిది మీ అటక మీద ఉంటే పారేయకండి. ఇన్నేళ్లలో మాది చాలాసార్లు ఆగిపోయింది. ఒక్కసారి కూడా తప్పు లోపలి అసలు ఐసీది, అంటే ఆట నడిపించే చిప్పుది కాదు.

ముందు చూడాల్సింది ఎలిమినేటర్, అంటే ఇంటి కరెంటును తక్కువ వోల్టులకు మార్చే అడాప్టర్. 9 వోల్టులని రాసి ఉన్న పాతరకం ఎలిమినేటర్ లోడు లేనప్పుడు 12 వోల్టులు దాటి చూపించడం మామూలే, కంగారు పడక్కర్లేదు. లోపల 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ దాన్ని 5 వోల్టులకు దించుతుంది. వోల్టులు కొలిచే మల్టీమీటర్ నల్ల వైరు మధ్య కాలికి, ఎర్ర వైరు మూడో కాలికి పెట్టండి. 5 వోల్టులు వస్తున్నాయంటే కరెంటు సమస్య దాదాపు లేనట్టే. మొదటి కాలికి వోల్టేజీ వస్తూ మూడో కాలికి రాకపోతే రెగ్యులేటర్ పోయి ఉండొచ్చు, లేదా దాని తర్వాత ఎక్కడో షార్ట్ ఉండొచ్చు.

నాకు రెగ్యులేటర్ పోయింది నా తొందర వల్లే. కొత్త ఎలిమినేటర్ కొని, ప్లస్సు మైనస్సు చూడకుండా పెట్టేశాను. లోపల కరెంటును నిలకడగా ఉంచే కండెన్సర్ టప్పుమని పేలింది. ఆ రోజు ఎంత టెన్షన్ పడ్డానో! పాతపట్నం వెళ్లి, అంటే మహేంద్రతనయ దాటితే వచ్చే ఊరే, ఒక 7805, ఒక 1000 మైక్రోఫారడ్ 25 వోల్టుల కండెన్సర్ తెచ్చి వేశాను. బొమ్మ వచ్చింది. అప్పటి నుంచి ఏ ఎలిమినేటరైనా దాని మీద ఉన్న గుర్తు, పెట్టె మీద ఉన్న గుర్తు ఒకటేనా అని చూశాకే పెడుతున్నాను. కండెన్సర్ వేసేటప్పుడు చార ఉన్న వైపు మైనస్ అని మరిచిపోవద్దు.

బొమ్మలో అడ్డగీతలు పాకుతూ, స్పీకర్లో గుంయ్ అని మోత వస్తుంటే కూడా నేను ముందు కండెన్సర్‌నే అనుమానిస్తాను. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి ద్రవం ఆరిపోతుంది.

క్యాసెట్ పెడితే తెర ఒకే రంగులో ఆగిపోవడం అందరికీ తెలిసిన జబ్బు. మేమూ చిన్నప్పుడు ఉఫ్ అని ఊదేవాళ్లం. దయచేసి ఊదకండి. నోటి తడి తగిలి పిన్నులు మెల్లగా పాడవుతాయి. ఊదినప్పుడు పనిచేసిందంటే, తీసి మళ్లీ పెట్టడం వల్లే చాలాసార్లు. మొబైల్ రిపేర్ వాళ్లు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని ఇయర్‌బడ్‌తో రాసి ఆరనిస్తే చాలు. నల్లగా పట్టేసి ఉంటే పెన్సిల్ రబ్బరుతో చాలా తేలిగ్గా రుద్దాలి, గట్టిగా రుద్దితే పైపూత లేచిపోతుంది.

జాయ్‌స్టిక్ విషయంలో నాకు చాలా ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటి ఉంది. ఎనిమిది బటన్లకు వైర్లు అయిదే. కరెంటుకి రెండు, మిగతా మూడింటి సాయంతో బటన్ల సమాచారం ఒకదాని వెనక ఒకటి వెళ్తుంది. అందుకే ఒక్క వైరు తెగినా మొత్తం జాయ్‌స్టిక్ చచ్చిపోతుంది. ఒక్క బటనే పనిచేయకపోతే వైరు జోలికి వెళ్లనవసరం లేదు. దాని కింద ఉన్న రబ్బరుకి నల్లపూత అరిగిపోయిందన్నమాట, లేదా కింద మట్టి పేరుకుంది. మా రెండో జాయ్‌స్టిక్ వైరు మెడ దగ్గరే మూడుసార్లు తెగింది. ప్రతిసారీ రెండంగుళాలు కోసి, రంగు రంగుకి కలిపి సోల్డరింగ్ చేశాను. ఇప్పుడు టీవీకి బాగా దగ్గరగా కూర్చుని ఆడాలి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ తిత్లీ తుపాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో కురిసిన వాన సంగతి ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. పెంకులు ఎగిరిపోయి అలమరలోకి నీళ్లొచ్చాయి, పెట్టె తడిసింది. రోజుల తరబడి మా వీధికి కరెంటు లేకపోవడం ఒక రకంగా మేలే చేసింది, ఎవరూ తొందరపడి స్విచ్ వేయలేదు. స్క్రూలు విప్పి, బోర్డు మీది బురదని టూత్‌బ్రష్‌తో, ఆల్కహాల్‌తో కడిగి వారం రోజులు ఆరబెట్టాను. తర్వాత చూస్తే ఎలిమినేటర్ పిన్ను గుచ్చే చోట డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అంటుకోని అతుకు కనిపించింది. కాస్త సోల్డరింగ్ పేస్టు, కొత్త లెడ్డు పెట్టి వేడి చేస్తే సరిపోయింది.

బాగుచేయలేనిది ఒకటే. ఈ నకలు బోర్డుల మీద నల్లటి బొట్టులా కనిపించేది అసలు ఐసీ. అది కాలిపోతే బోర్డే మార్చాలి. పాతది కొనాలనుకునే వాళ్లు మీ ఎదురుగా పది నిమిషాలు ఆడించి చూశాకే డబ్బులివ్వండి.

తుపాకీ కోసం 14 అంగుళాల పాత డబ్బా టీవీని అలాగే ఉంచాను. ఎల్‌సీడీ మీద ఈ తుపాకీ పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో తెర మెరిసే వెలుగుని అది పట్టుకోవాలి, ఎల్‌సీడీ బొమ్మ ఆలస్యంగా వస్తుంది. ఆ టీవీ ఎల్‌ఓటీ, అంటే పిక్చర్ ట్యూబుకి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్, ఈ మధ్య కీచుమంటోంది. దాన్ని మాత్రం నేను విప్పను, ప్లగ్గు తీశాక కూడా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. వచ్చే ఆదివారం పాతపట్నం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.