సీజన్ సెటప్ షీటు, తయారు జట్టు అమ్ముతామనేవారితో జాగ్రత్త: జీపీఆర్ఓ కొత్త మేనేజర్లకు

గ్రాండ్ ప్రి రేసింగ్ ఆన్‌లైన్ (జీపీఆర్ఓ) ఆటలో కొత్తగా జట్టు ప్రారంభించినవారు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ‘సీజన్ మొత్తానికి సెటప్పులు, గెలుపు ఖాయం’ అంటూ ఒక వ్యక్తి తెలుగువారి సందేశాల గ్రూపుల్లో తిరుగుతున్నాడు. సెటప్ అంటే ఒక్కో ట్రాక్‌కు కారును ఎలా సర్దాలో చెప్పే అంకెలు. అతని దగ్గర నేను 1,499 రూపాయలు పెట్టి ఆ అంకెల షీటు కొన్నాను. అందులో పనికొచ్చే వరుస ఒక్కటి కూడా లేదు. డబ్బు వెనక్కి అడిగితే ఇంకా పెద్ద మొత్తాలకు ఎర వేశాడు. అతను మాట్లాడే తీరు, అమ్మే సరుకు రెండూ ఎలా ఉంటాయో తెలిస్తే మీరు ముందే పసిగట్టగలరు.

ఆట తెలియనివారికి రెండు మాటలు. ఇందులో మనం కారు నడపం, జట్టును నడుపుతాం. డ్రైవర్‌ను కుదుర్చుకోవాలి, స్పాన్సర్లతో బేరమాడాలి, టైర్ల సరఫరాదారును ఎంచుకోవాలి, కారు భాగాలు మార్చాలి, పందేనికి వ్యూహం రాసిపెట్టాలి. రూకీ, అమెచ్యూర్, ప్రో, మాస్టర్, ఎలీట్ అని అయిదు అంచెలున్నాయి. ఒక్కో గ్రూపులో 40 మంది మేనేజర్లు ఉంటారు. సీజన్‌కు 17 పందేలు, వారానికి రెండు, మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. ఆడడానికి రుసుము లేదు. అందరూ మొదలయ్యేది రూకీలోనే. తొలి వారాల్లో ఏదీ అర్థంకాక వెనుక వరుసల్లో పడి ఉన్నప్పుడే ఈ అమ్మకందారు పలకరిస్తాడు. ‘అన్నా, ఎందుకు కష్టపడతావు, మా కుర్రాళ్లందరూ పై అంచెకు వెళ్లిపోయారు’ అనేది అతని తొలిమాట.

ఇక ఆ షీటు. పదిహేడు వరుసలు, ప్రతి వరుసలో ట్రాక్ పేరు, దాని ఎదురుగా ఆరు అంకెలు. ఫ్రంట్ వింగ్ (కారు ముందు రెక్క), రియర్ వింగ్ (వెనుక రెక్క), ఇంజిన్, బ్రేకులు, గేర్లు, సస్పెన్షన్ అనే ఆరింటికీ ఆటలో 0 నుంచి 999 వరకు విలువ పెట్టవచ్చు, ఆ అంకెలు ఇవే. చూడడానికి చక్కగా, రంగుల గళ్లతో ఉంది. మోంజా వరుసలో రెండు వింగులకు 540, 560 అని రాసి ఉంది. మొనాకో వరుసకు వస్తే 545, 560. మోటారు పందేలు టీవీలో చూసేవారెవరికైనా ఇక్కడే అనుమానం రావాలి. మోంజా 5.793 కిలోమీటర్ల ట్రాక్, పొడవైన నేరుదారులు, ఫార్ములా వన్‌లో అతి వేగమైనదిగా పేరున్న చోటు. అక్కడ గాలి నిరోధం తగ్గించుకోవడానికి వింగులు వీలైనంత పలచగా పెడతారు. మొనాకో 3.337 కిలోమీటర్లు, దారి పొడవునా మలుపులే, అక్కడ వింగులు నిండుగా ఉండాలి. ఈ రెండు చోట్లకు దాదాపు ఒకే జత అంకెలు ఇచ్చాడంటే, ఎక్కడో ఒక పందేనికి వాడిన విలువలను అటూ ఇటూ అయిదో పదో జరిపి పదిహేడు వరుసలు నింపాడని అర్థం. ఉష్ణోగ్రతకు ఒక గడి లేదు. వర్షానికి ఒక గడి లేదు.

అయినా పరీక్షించే చూశాను. ఆ వారం ట్రాక్‌కు అతను ఇచ్చిన ఆరు విలువలూ యథాతథంగా పెట్టి సాధన ల్యాప్ ఒకటి తిప్పాను. ప్రతి ల్యాప్ తరువాత డ్రైవర్ ఒక్కో అంశం గురించి తన అభిప్రాయం చెబుతాడు. నా డ్రైవర్ ఆరింటిలో అయిదింటికి ఫిర్యాదు చేశాడు, వింగుల విషయంలో అయితే మరీ తీవ్రంగా. సొంతంగా ఏ లెక్కా లేకుండా అన్నిటికీ 500 పెట్టి తిప్పినా అంతకన్నా మెరుగైన సమయం వచ్చింది.

అమ్మేవాడు నిజాయితీపరుడైనా ఇలాంటి షీటు పనిచేయదు. అసలు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. సరైన సెటప్ ట్రాక్ ఒక్కదాన్ని బట్టి ఉండదు. మీ కారు భాగాలు ఏ స్థాయిలో ఉన్నాయి, ఎంత అరిగాయి, మీ డ్రైవర్ నైపుణ్యం ఏమిటి, ఆ రోజు ఉష్ణోగ్రత ఎంత, నేల పొడిగా ఉందా తడిగా ఉందా అన్నవన్నీ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. అదే ట్రాక్‌లో, అదే రోజున, మీకూ మీ పక్క మేనేజర్‌కూ సరైన విలువలు వేరువేరుగా ఉంటాయి. ఇంకొకరి సెటప్ కొనడమంటే వాళ్ల కళ్లజోడు మనం పెట్టుకోవడమే. సీజన్ మొదట్లోనే పదిహేడు పందేలకూ అంకెలు ఇస్తానన్నవాడు పదిహేడో పందెం నాటి వాతావరణం, అప్పటికి మీ కారు స్థితి కూడా తనకు తెలుసని చెబుతున్నట్టే. అది ఎవరికీ తెలియదు.

ఈ మాటే అతనితో అంటే వచ్చిన సమాధానం వినండి. ‘షీటులో లోపం లేదన్నా, నీ డ్రైవరే బలహీనం. మంచి డ్రైవర్, ఏడో స్థాయి కారు ఉన్న జట్టు నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆరు వేలకు ఇస్తాను, నీకు కాబట్టి.’ షీటు ఎర మాత్రమే, అసలు సరుకు ఈ తయారు జట్టు. ఆ జట్టువంటూ అతను పంపిన తెర బొమ్మలు (స్క్రీన్‌షాట్లు) నేను జాగ్రత్తగా చూశాను. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి బొమ్మలు చదవడం వస్తే మోసమూ తెలుస్తుంది, మీ సొంత జట్టు పరిస్థితీ తెలుస్తుంది.

కారులో మొత్తం 11 భాగాలు ఉంటాయి: ఛాసిస్, ఇంజిన్, రెండు వింగులు, అండర్‌బాడీ, సైడ్‌పాడ్లు, కూలింగ్, గేర్‌బాక్స్, బ్రేకులు, సస్పెన్షన్, ఎలక్ట్రానిక్స్. ఒక్కోదానికి స్థాయి ఒకటి, అరుగుదల శాతం ఒకటి. అతను పంపిన మొదటి బొమ్మలో స్థాయిలు మాత్రమే కనిపించేలా కత్తిరించాడు. అన్నీ ఆరు, ఏడు. అరుగుదల వరుస పంపమని పట్టుబట్టాక వచ్చిన రెండో బొమ్మలో చాలా భాగాలు 80 శాతం దాటి ఉన్నాయి. బాగా అరిగిన భాగం పందెం మధ్యలో మొరాయించే ప్రమాదం ఎక్కువ, కాబట్టి వాటిని వెంటనే మార్చాలి. స్థాయి పెరిగినకొద్దీ భాగం ఖరీదు పెరుగుతుంది. జట్టు ఖజానాలో ఎంత ఉందని అడిగాను, జవాబు లేదు. డ్రైవర్ ఒప్పందం ఇంకా ఎన్ని పందేలకు ఉందని అడిగాను, ‘అవన్నీ చిన్న విషయాలన్నా’ అన్నాడు. అవి చిన్న విషయాలు కావు. ఒప్పందం ముగియబోతున్న డ్రైవర్, అరిగిపోయిన కారు, ఖాళీ ఖజానా ఉన్న జట్టు కొన్న రెండు వారాల్లోనే కూలబడుతుంది. మేలైన డ్రైవర్‌కు పందెం పందేనికీ జీతం కూడా భారీగానే ఉంటుంది.

ఒకవేళ నిజంగా మంచి జట్టే అమ్మినా కొనకండి. ఈ ఆటలో ఒక మనిషికి ఒకే ఖాతా అన్నది మౌలిక నియమం. ఇప్పటికే మీకు ఒక జట్టు ఉండగా ఇంకొకటి చేతికి తీసుకుంటే మీ రెండు ఖాతాలూ పోయే ప్రమాదం ఉంది. పైగా ఖాతా తొలి యజమాని ఈమెయిల్‌తో ముడిపడి ఉంటుంది. మీరు డబ్బు కట్టి సంకేతపదం మార్చుకున్నా, అతను ‘సంకేతపదం మరిచిపోయాను’ అని నొక్కి తన ఈమెయిల్ ద్వారా మళ్లీ వెనక్కి తీసుకోగలడు, అదే జట్టును ఇంకొకరికి అమ్ముకోగలడు. మా పరిచయస్తుల్లో ఇంటర్ చదివే ఒక అబ్బాయికి జరిగింది ఇదే. వాళ్ల నాన్నగారి ఫోను నుంచి డబ్బు పంపాడు, వారం తిరగకుండానే జట్టు చేజారింది, ఇంట్లో చెప్పుకోలేక కుమిలిపోయాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే. నా 1,499 పోతే పోయాయి, పిల్లల దగ్గర కూడా ఇలా గుంజుతున్నాడని తెలిశాక ఊరుకోలేకపోయాను.

అతని మూడో ఎత్తు ‘సంకేతపదం ఇవ్వు, నేనే లోపలికి వెళ్లి సెటప్ చేసిపెడతాను’. ఇవ్వవద్దు. చాలామంది ఆటకూ ఈమెయిల్‌కూ ఒకే సంకేతపదం వాడతారు. అది అతని చేతిలో పడితే పోయేది ఆట ఒక్కటే కాదు.

నాలుగోది అన్నిటికన్నా ప్రమాదకరం. తలా అయిదు వందలు కట్టి చేరితే గెలిచినవారికి నగదు బహుమతి ఇచ్చే ప్రైవేటు పోటీ పెడతానంటాడు. డబ్బు పణంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టసవరణలతో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యంతో ఆడేదా, అదృష్టంతో ఆడేదా అన్న తేడా అందులో లేదు. కాబట్టి ‘ఇది నైపుణ్యం ఆట అన్నా, ఏమీ కాదు’ అనే మాట నమ్మకండి. ఆట నిర్వాహకులకు నేరుగా చెల్లించే సపోర్టర్ సభ్యత్వం వేరే సంగతి, దాన్నీ దీన్నీ కలపవద్దు.

మరి కొత్తవారు ఏం చేయాలి? అతను డబ్బుకు అమ్ముతున్నది మీకు ఆటే ఉచితంగా ఇస్తోంది. ప్రతి పందేనికి ముందు 8 సాధన ల్యాపులు ఉంటాయి. డ్రైవర్ ఆరు అంశాల గురించి విడివిడిగా చెబుతాడు కనుక ఒకే ల్యాప్‌లో ఆరింటినీ మార్చి చూడవచ్చు. మొదటి ల్యాప్‌కు మధ్య విలువలు పెట్టండి. ఫిర్యాదు తీవ్రంగా ఉంటే పెద్ద అడుగు వేయండి, స్వల్పంగా ఉంటే చిన్న అడుగు. డ్రైవర్ ఏమీ అనని చోటు దొరికిందంటే పని అయిపోయిందని అనుకోకండి. అతను తృప్తిపడే మేర కొంత వెడల్పుగా ఉంటుంది. పై అంచున ఎక్కడ ఫిర్యాదు మొదలవుతుందో, కింది అంచున ఎక్కడ మొదలవుతుందో పట్టుకుని రెండింటి నడుమ విలువ తీసుకోండి. ఉదాహరణకు బ్రేకులు 620 దగ్గర ఎక్కువయ్యాయని, 480 దగ్గర తక్కువయ్యాయని అంటే 550 పెట్టి చూడండి. అనుభవం, సాంకేతిక అవగాహన తక్కువున్న డ్రైవర్‌తో ఈ మేర వెడల్పుగా ఉంటుంది, విసుగు పడకూడదు.

మరో సంగతి, సాధన నాటి వాతావరణం పందెం నాటిది కాదు. పందేనికి అరగంటల వారీగా ఉష్ణోగ్రత, తేమ, వర్షం పడే అవకాశం ఇంత నుంచి ఇంత వరకు అని ముందే చూపిస్తారు. ప్రతి పందెం తరువాత ట్రాక్, ఉష్ణోగ్రత, మీరు వాడిన ఆరు విలువలు, డ్రైవర్ మాట, కారు స్థాయిలు ఒక పుస్తకంలో రాసుకోండి. ఒక సీజన్ తిరిగేసరికి మీ జట్టుకు సరిపోయే షీటు మీ చేతిరాతలోనే ఉంటుంది.

డబ్బు విషయంలో తొలి సీజన్‌లో పిసినారితనమే మంచిది. తక్కువ జీతం డ్రైవర్, తక్కువ స్థాయి భాగాలు, అరుగుదల చూసుకుని మార్పులు. వ్యూహంలో డ్రైవర్ ఎంత దూకుడుగా నడపాలో చెప్పే రిస్కు విలువలు పెంచితే వేగం కొంత వస్తుంది, దాంతోపాటు తప్పులూ, భాగాల అరుగుదలా పెరుగుతాయి. రూకీలో ఏ గొడవా లేకుండా పందెం పూర్తిచేసే జట్టు మెల్లగా పైకి వస్తుంది. స్పాన్సర్లతో బేరాలు మధ్యలో వదిలేయకండి, ఆదాయం అక్కడే ఉంది. తెలియనిది ఆట సహాయ పుటల్లో చదవండి, పాత మేనేజర్లను అడగండి. నేను అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఓపికగా చెప్పారు, ఎవరూ రూపాయి అడగలేదు.

ఇప్పటికే అతనికి డబ్బు పంపినవారు ముందుగా సంభాషణ మొత్తం ఫొటోలు తీసి దాచుకోండి, ఎందుకంటే అడిగిన మరుక్షణం తన సందేశాలు చెరిపేస్తాడు. నాతో అదే చేశాడు. యూపీఐ లావాదేవీ సంఖ్య రాసిపెట్టుకుని వెంటనే సైబర్ మోసాల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయండి లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. మీ బ్యాంకుకు కూడా తెలియజేయండి. డబ్బు వాపసు చేస్తానంటూ అతను ఏదైనా లింకు గాని, చెల్లింపు అభ్యర్థన గాని పంపితే తెరవకండి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి మనం పిన్ నొక్కనవసరం లేదు. ఆట సంకేతపదం, ఈమెయిల్ సంకేతపదం రెండూ మార్చండి. నేను ఫిర్యాదు చేశాను, దాని సంఖ్య నా దగ్గర ఉంది. ఇదే షీటు కొన్నవారు మీరూ ఫిర్యాదు చేసి ఆ సంగతి నాకు తెలియజేస్తే, అందరివీ కలిపి పోలీసుల ముందు పెడదాం.