కెన్యా మిషన్ ట్రిప్ ప్యాకేజీ: ఆఖరి మూడు రోజుల దగ్గరే తేలిపోయింది

శ్రీకాకుళంలో ఓ ట్రావెల్స్ వాళ్ళు చర్చి సంఘాల బృందాలకు ఇస్తున్న పది రోజుల కెన్యా ప్యాకేజీ మీద ఈ రివ్యూ. ముంబయి నుంచి నైరోబీ, అక్కణ్ణుంచి కిసుము వైపు ఓ పల్లెలో వీబీఎస్ (పిల్లలకు సెలవుల బైబిల్ బడి), మెడికల్ క్యాంపు, మళ్ళీ నైరోబీ మీదుగా ఇంటికి. మొదటి ఏడు రోజులకు వంక పెట్టడానికి లేదు. ఈటీఏలు (కెన్యాలోకి వెళ్ళడానికి ఆన్‌లైన్లో తీసుకునే అనుమతులు) దగ్గరుండి చేయించారు, బండి చెప్పిన టైముకి వచ్చింది, ఉగాలీ (అక్కడి మొక్కజొన్న పిండి ముద్ద) మింగుడుపడని వాళ్ళకు అన్నం వండించారు. చిక్కంతా తిరుగుముఖం పట్టాకే.

ఎనిమిదో రోజు నైరోబీ చేరడం, తొమ్మిదో రోజు మసాయ్ మారా, పదో రోజు ఫ్లైటు. బ్రోచర్లో బాగానే కనిపిస్తుంది. కానీ మారాకి పోను ఐదారు గంటలు, రాను ఐదారు గంటలు. ఒక్క రోజులో చూసేది బండి కిటికీ తప్ప ఇంకేం ఉండదు. వాన పడి మట్టిరోడ్డు బురదైతే ఆ రాత్రి చేయాల్సిన లెక్కలు, సర్దుళ్ళు, కలిసి కూర్చుని మాట్లాడుకోవడం అన్నీ ఎగిరిపోతాయి. జంతువుల్ని చూడాలనే ఉంటే నైరోబీ నేషనల్ పార్క్ ఊరి అంచునే ఉంది. తెల్లారే వెళ్తే మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు. ఏనుగులు మాత్రం అక్కడ ఉండవు. తొమ్మిదో రోజు ఇలా మార్చమని బుకింగ్ అప్పుడే అడగండి, మారుస్తారు.

వీడ్కోలు డిన్నర్ అని నైరోబీ హోటల్లో పెట్టింది దండగ. అసలు వీడ్కోలు పల్లెలో సంఘమంతా కలిసి తినే ప్రేమవిందే. దాన్ని బయల్దేరే ముందు రాత్రి కాకుండా, ఇంకో రోజు ముందుకు జరపండి. అక్కడి అమ్మలు పొద్దున్నించీ వండి వడ్డిస్తుంటే మనవాళ్ళు సగంమంది సూట్‌కేసుల దగ్గర ఉండటం మర్యాద కాదు. పైగా ఆఖరి రాత్రి కన్నీళ్ళలో మాటలు జారతాయి. 'మీ బాబు ఫీజు మేం కడతాం' అనేస్తారు. కెన్యాలో బడి ఏడాది జనవరిలో మొదలవుతుంది. అప్పటికి ఇక్కడ క్రిస్మస్ ఖర్చుల్లో పడి ఆ మాట ఎవరికీ గుర్తుండదు, ఆ తల్లికి జవాబు చెప్పుకోవాల్సింది అక్కడి పాస్టర్ గారు. నిజంగా పంపాలనుకునేవాళ్ళు ఇంకోటి తెలుసుకోవాలి: ఎల్‌ఆర్‌ఎస్ అనే ఆర్‌బీఐ పథకం కింద బయటి దేశానికి డబ్బు పంపే వీలు వ్యక్తులకే, సంఘం ట్రస్టు ఖాతాకి లేదు.

క్యాంపులో మిగిలిన మందుల సంగతి గైడ్ అసలు ఎత్తలేదు. వాటిని అట్టపెట్టెలో పోసి చర్చి గదిలో వదిలేయకూడదు. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఎన్ని స్ట్రిప్పులు అని రెండు కాపీలు రాసి, దగ్గర్లోని క్లినిక్‌లో అప్పగించి ఒకదాని మీద సంతకం తీసుకోవాలి. కత్తిరించిన స్ట్రిప్పులు, బ్యాచ్ నంబరు కనపడనివి వాళ్ళు తీసుకోరు. దీనికి ఒక పూట పడుతుంది, ఆ పూట ప్యాకేజీలో లేదు.

అన్నిటికంటే పెద్ద లోపం ఎల్లో ఫీవర్ కార్డు, అంటే ఆ జ్వరానికి టీకా వేయించుకున్నట్టు ఇచ్చే కార్డు. ఇండియా నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళని కెన్యా దాన్ని అడగదు. అడిగేది తిరిగొచ్చేటప్పుడు, మన ముంబయి ఎయిర్‌పోర్టులో. కార్డు లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది, కాబట్టి ప్రయాణం వారం ఉందనగా పరిగెత్తితే ఇబ్బందే. ఒక్క డోసు జీవితాంతం చాలు. మనకు దగ్గర్లో విశాఖ పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు. ముందు ఫోన్ చేసి వెళ్ళండి. మన పేర్ల దగ్గర ఇంకో తంటా ఉంది: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కార్డు మీద ఒక్క అక్షరం ఇనీషియల్ రాసేస్తారు. అక్కడే నిలబడి, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకుని, నంబరు సరిచూసుకుని కదలండి. లామినేషన్ చేయించకండి. ఫోన్లో ఫొటోని నమ్ముకోకండి, అసలు కార్డే చేతి బ్యాగులో ఉండాలి.

టికెట్లలో కక్కుర్తి పడ్డారు. నైరోబీ-ముంబయి ఒక పీఎన్‌ఆర్, ముంబయి-విశాఖ వేరే పీఎన్‌ఆర్. మొదటి ఫ్లైటు లేటైతే రెండో టికెట్ పోయినట్టే, ఎయిర్‌లైన్‌కి బాధ్యత లేదు. సామాను ముంబయిలో తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ చెక్ ఇన్ చేయాలి. డొమెస్టిక్ ఫ్లైటు టెర్మినల్ 1 నుంచైతే రోడ్డెక్కి వెళ్ళాలి. మధ్యలో ఆరు గంటలకు తక్కువ వద్దు. బరువు లెక్క కూడా మారుతుంది, మన దేశంలో మామూలుగా 15 కిలోలే. కిసీ సబ్బురాయి బొమ్మలు కొన్నవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు, అవి బరువు, పైగా పగులుతాయి. కియోండో బుట్టలు, సీలున్న కాఫీ పొడి పాకెట్లు నయం. దంతం వస్తువులు ఎవరెంత చెప్పినా ముట్టుకోవద్దు, నేరం. ఫ్లైటు తప్పినా కంగారు లేని బృందాలకు కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉంది, రోజు పైనే పట్టినా శ్రీకాకుళం రోడ్డులోనే దించుతుంది.

మలేరియా మాత్రల గురించి వెళ్ళేటప్పుడు చెప్పారు, ఆపేటప్పుడు చెప్పలేదు. డాక్సీసైక్లిన్ వాడేవాళ్ళు వచ్చాక కూడా 4 వారాలు రోజూ వేసుకోవాలి. అటోవాక్వోన్-ప్రొగువానిల్ అయితే 7 రోజులు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పేసి మాత్రలు డ్రాయర్లో పడేసేవాళ్ళే ఎక్కువ. తర్వాత మూడు నెలల్లో ఎప్పుడు జ్వరమొచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. మన్యం పక్కనున్న డాక్టర్లకు మలేరియా కొత్త కాదు గానీ, కెన్యా వెళ్ళొచ్చామని మనం నోరు తెరిచి చెప్పాలి.

5కి 3 ఇస్తాం. అడ్వాన్సు కట్టేముందు రెండు రాతపూర్వకంగా తీసుకోండి: ఇంటిదాకా ఒకే పీఎన్‌ఆర్, తొమ్మిదో రోజు మారా లేకుండా నైరోబీలోనే. ప్యాకేజీ డబ్బుతో పాటే వసూలు చేసే పన్ను టీసీఎస్‌ని ఇన్వాయిస్‌లో వేరుగా చూపించి, ఎవరి పాన్ మీద వాళ్ళకి వేయమనండి. పాస్టర్ గారి పాన్ మీద మొత్తం వేస్తే రిటర్న్ వేసేటప్పుడు మిగతావాళ్ళకి ఆ డబ్బు తిరిగి రాదు.